మా నాన్న చెవిలో గౌరమ్మ పాట

దయ్యాలు, గాలి, ధూళి అనే మాటలు ఎవరైనా మొదలుపెడితే అక్కడి నుంచి లేచిపోయే రకం నేను. జంషెడ్‌పూర్‌లో బారిడీహ్ అనే పేటలో ఒక స్కూల్లో పిల్లలకి సైన్సు చెబుతాను. మా వీధిలో ఎవరికైనా జ్వరం తగ్గకపోతే మంత్రం వేసే ఓఝా దగ్గరికి బయల్దేరతారు. అలాంటివాళ్ళని ఆపి, తిట్టి, ఆసుపత్రికి పట్టుకెళ్ళిన మనిషిని. ఇది రాయడానికి ఇన్నాళ్ళు వెనకాడింది కూడా అందుకే. చదివినవాళ్ళు నన్నూ తీసుకెళ్ళి ఆ ఓఝా పక్కన కూర్చోబెడతారని తెలుసు.

అయినా రాస్తున్నాను. జరిగింది జరిగినట్టు రాస్తాను. నాకు అర్థం కాని చోట అర్థం కాలేదనే రాస్తాను.

మా నాన్న పేరు అప్పారావు. బొబ్బిలి దగ్గర ఊరు. మీసాలు రాకముందే టాటా వచ్చేశాడు. జంషెడ్‌పూర్‌ని మేము టాటా అనే అంటాం. ఆదిత్యపూర్‌లో ఒక చిన్న కార్ఖానాలో ఎర్రగా కాల్చిన ఇనుముని సుత్తి మెషీను కింద పెట్టే పని చేసేవాడు. ఆ సుత్తి పడినప్పుడల్లా కాళ్ళ కింద నేల అదిరేదట. చెవులకి ఏదైనా అడ్డు పెట్టుకోవాలన్న ఆలోచన అప్పట్లో అక్కడ ఎవరికీ లేదు. దూది కూడా పెట్టుకునేవారు కాదు.

నా పెళ్ళి నాటికి గట్టిగా అరిస్తే వినేవాడు. మా అమ్మ పోయేనాటికి ఆ కాస్తా పోయింది. అప్పటి నుంచి నా దగ్గరే ఉంటున్నాడు. ఏదైనా చెప్పాలంటే పలక మీద రాసి చూపిస్తాం. ఆయన మాత్రం నోటితోనే జవాబిస్తాడు. తన గొంతు తనకి వినపడదు కాబట్టి వీధి చివరిదాకా వినపడేలా మాట్లాడతాడు. దీపావళికి గుమ్మంలో బాంబు పేలినా తల తిప్పడు. చెవికి మెషీను కొన్నాం. పెట్టుకుంటే నొప్పే తప్ప చప్పుడు లేదని తీసి పెట్టెలో పడేశాడు.

ఇంకో మాట కూడా చెప్పాలి. మా నాన్న పాడే మనిషి కాదు. చెవులు బాగున్న రోజుల్లో కూడా భజనలో వెనక వరసలో కూర్చుని చప్పట్లు కొట్టడమే ఆయన వంతు.

పోయినేడు రథయాత్ర మర్నాడు నేను వంటింట్లో ఉంటే వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"ఎవలే అమ్మీ, పాడతన్నారు?" అన్నాడు.

ఎవరూ పాడటం లేదని పలక మీద రాసి చూపించాను. చదివి తల అడ్డంగా ఊపాడు. ఎవరో ఆడమనిషి, గోడకి అవతల కూర్చుని పాడుతున్నట్టుందన్నాడు.

ముందు నాకు సంతోషం వేసింది. చెవులు తిరిగి వచ్చాయేమో అనుకున్నాను. ఆయన వెనక్కి వెళ్ళి గిన్నె మీద గరిటెతో కొట్టాను. కదల్లేదు. ఇంకా గట్టిగా కొట్టాను. పక్కింటావిడ ఏమైందని పరిగెత్తుకొచ్చింది కానీ నాన్న మాత్రం అలాగే గోడ వైపు చూస్తూ నిలబడ్డాడు.

రెండు మూడు రోజుల్లో గోడ అడ్డు తొలిగినట్టు మాటలు తెలిశాయి. అది జోలపాట. నాన్న దాన్ని రాగం లేకుండా, పద్యం అప్పజెప్పినట్టు చెప్పేవాడు.

*కూత కూసింది పింకమ్మా, గేటు తీసినారే పింకమ్మా*
*ఎండ దిగింది పింకమ్మా, ఎర్ర దుమ్ము లేచింది పింకమ్మా*
*అయ్య సైకిలెక్కినాడు, ఆ మలుపు తిరిగినాడు*
*అయ్య వచ్చి సంచిలోంచి ఏటి తీసినాడే...*

అక్కడ తెగిపోయేది. కాసేపు ఆగి మళ్ళీ మొదటి నుంచి మొదలు.

సాక్చిలో చెవి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. పెద్దాయన, ఓపిక ఉన్న మనిషి. పరీక్షలన్నీ చేసి, రెండు చెవుల్లోనూ ఏమీ మిగల్లేదని తేల్చాడు. పాట సంగతి చెప్తే ఆశ్చర్యపోలేదు. చెవి దారి మాత్రమేనట, వినేది మెదడు. దారి మూసుకుపోయినా మెదడులో వినే భాగం ఊరికే కూర్చోలేదు, లోపల దాచుకున్నవి తీసి తనకి తనే వాయించుకుంటుంది. కాలు తీసేసినవాళ్ళకి లేని కాలి వేలు దురద పెట్టినట్టే ఇదీ అన్నాడు.

ఒకే చోట తెగి మళ్ళీ మొదలవడం గురించి కూడా అడిగాను. మనందరి బుర్రలోనూ ఏదో పాట ముక్క పొద్దస్తమానం తిరుగుతూనే ఉంటుంది, బయటి చప్పుళ్ళు వచ్చి దాన్ని తుడిచేస్తాయి, మీ నాన్నకి తుడవడానికి ఇంకో చప్పుడే లేదు కదా అన్నాడు. పిచ్చి కాదు, భయపడొద్దని చెప్పాడు. మందు మాత్రం పెద్దగా లేదన్నాడు.

నాకు ఆ మాటలు నచ్చాయి. బస్సులో వస్తూ నాన్నకి పలక మీద రాసి చూపించాను. నాన్న చదివి, "నాను దాచుకున్న పాటైతే నాకు తెలాల కదా" అన్నాడు.

బొబ్బిలిలో ఉన్న మా పెద్దత్తకి, అంటే నాన్న అక్కకి, ఆ పాట మాటలన్నీ చదివి ఫోనులో వాయిస్ మెసేజ్ పెట్టాను. మీ చిన్నప్పటి పాటేమో చెప్పమన్నాను. అత్త అలాంటిది ఎప్పుడూ విననే లేదంది. మన వైపు పింకమ్మ అనే పేరు ఎక్కడైనా ఉందా అని నవ్వింది. ఆ మెసేజ్ ఇప్పటికీ ఇద్దరి ఫోనుల్లోనూ ఉంది. అది ముఖ్యం, అందుకే చెప్తున్నాను.

తరవాత రోజులు చాలా కష్టంగా గడిచాయి. టీవీ అయితే కట్టేస్తాం. పక్కింట్లో మైకు అయితే వెళ్ళి బతిమాలుకుంటాం. తల లోపల పాడుతున్న మనిషిని ఎలా ఆపుతాం. నాన్న చెవులు మూసుకునేవాడు, తువ్వాలు గట్టిగా చుట్టుకునేవాడు, ఒక్కోసారి అరచేత్తో తల మీద కొట్టుకునేవాడు. అన్నం ముందు కూర్చుని ముద్ద చేతిలో పట్టుకుని అలా ఉండిపోయేవాడు. నేను పక్కన కూర్చుని చూడ్డం తప్ప ఏమీ చెయ్యలేకపోయేదాన్ని. ఆయనకి వినపడేది నాకు వినపడదు. నేను చెప్పేది ఆయనకి వినపడదు.

పాట కన్నా అది తెగిపోవడమే ఎక్కువ బాధ పెట్టింది ఆయన్ని.

"ఆ సంచిలో ఏటుందో చెప్పీసినా బాగున్ను. అక్కడిదాకా తెచ్చి వొదిలీత్తది" అనేవాడు.

శ్రావణ మాసంలో గోవింద్‌పూర్‌లో గృహప్రవేశం భోజనానికి వెళ్ళాం. మా ఆయన టాటానగర్ స్టేషన్లో పని చేస్తాడు, ఆయనతో పని చేసే అతని ఇల్లు. నాన్న అటు వైపు వెళ్ళి ఎన్నేళ్ళో అయింది. ఇంట్లో ఒక్కడినీ వదలడం ఇష్టం లేక తీసుకెళ్ళాను.

ఆటోలో సగం దారిలో నాన్న నా మోచెయ్యి పట్టుకున్నాడు. "దగ్గిరికొత్తంది" అన్నాడు. ఏమిటని సైగ చేశాను. పాట అన్నాడు. ఆటో ముందుకి వెళ్తున్న కొద్దీ గొంతు పెద్దదవుతోందట.

విస్తళ్ళు వేశారు. పప్పు, వంకాయ కూర వడ్డించారు. నాన్న రెండు ముద్దలు తిని లేచి చెయ్యి కడుక్కుని బయటికి నడిచాడు. నేను వెనకాలే పరిగెత్తాను. వీధిలో నడుస్తూ, ఆగుతూ, తల అటూ ఇటూ తిప్పుతున్నాడు. చప్పుడు ఎటు నుంచి వస్తోందో చూసుకోవడానికి చెవులున్నవాళ్ళు తిప్పే తీరు అది. నాన్న అలా తల తిప్పగా చూసి ఎన్నో ఏళ్ళయింది.

రెండు సందులు దాటి రేకుల వసారా ఉన్న ఒక ఇంటి ముందు ఆగాడు. నాకన్నా చిన్నది, ముప్పై దాటిన ఆడమనిషి తీగ మీద బట్టలు ఆరేస్తోంది. నాన్న తన మామూలు గొంతుతో గట్టిగా అడిగాడు.

"ఈ ఇంట్లో పాడతన్నదెవలమ్మా?"

ఆమె ఉలిక్కిపడి హిందీలో ఏదో అనబోయి, మేము తెలుగువాళ్ళమని గ్రహించి తెలుగులోకి మారింది. "ఎవలూ పాడనేదు బాబూ. మాయమ్మా నేనే ఉన్నాం. అమ్మకి పక్షవాతం, మాట నేదు" అంది.

ఇంట్లో నిజంగానే ఏ చప్పుడూ లేదు. టీవీ లేదు, రేడియో లేదు. నేను క్షమించమని చెప్పి, మా నాన్నకి వినపడదని చెప్పి, ఆయన చెయ్యి పట్టుకుని లాగాను. ఆయన కదల్లేదు. నిలబడి పాట మాటలు చెప్పడం మొదలుపెట్టాడు. కూత కూసింది పింకమ్మా, గేటు తీసినారే పింకమ్మా.

ఆమె చేతిలో తడి చీర అలాగే ఉండిపోయింది. మెల్లగా వచ్చి మా ముందు నిలబడింది.

"ఈ పాట మీకెలగ తెలుసు?" అని నన్నడిగింది. "ఇది మాయమ్మ కట్టింది. పింకీ నా కూతురు."

ఆమె పేరు రాజ్యం. వాళ్ళమ్మ పేరు గౌరమ్మ. వాళ్ళది పలాస వైపు. రాజ్యం భర్త రమణ గోవింద్‌పూర్ దగ్గరి లారీల ఫ్యాక్టరీలో కాంట్రాక్టు పనికి వెళ్తాడు. పింకీ పుట్టాక, సాయంత్రం షిఫ్టు కూత కూసే వేళకి మారాం చేసే పిల్లని ఒళ్ళో వేసుకుని గౌరమ్మ ఈ పాట కట్టింది. పింకీ ఇప్పుడు రెండో తరగతి. ఆ పిల్ల పుట్టేనాటికే మా నాన్నకి చెవులు పూర్తిగా పోయాయి.

గౌరమ్మ పడిపోయింది ఎప్పుడని అడిగాను. రథయాత్ర రోజున, రథం చూసి ఇంటికొచ్చి మంచం మీద కూర్చుని అలాగే ఒరిగిపోయిందని చెప్పింది.

నాన్నకి పాట వినపడటం మొదలైంది ఆ మర్నాడే. నేను దాని గురించి ఆలోచించేలోపే నాన్న లోపలికి వెళ్ళిపోయాడు. కిటికీ పక్కన ఇనప మంచం మీద గౌరమ్మ పడుకుని ఉంది. సన్నటి మనిషి. మూతి ఒక పక్కకి లాగేసింది. కుడి చెయ్యి, కుడి కాలు పనిచెయ్యవు. మాట సరే, మూలుగు కూడా రాదని రాజ్యం చెప్పింది. అవునా కాదా అని అడిగితే తల కూడా ఊపదు. ఏమి అర్థమవుతోందో, ఏమి కావాలో ఎవరికీ తెలియదు.

నాన్న స్టూలు మీద కూర్చుని, "ఈవిడే" అన్నాడు.

గౌరమ్మ కళ్ళు ఆయన వైపు తిరిగాయి. అంతకు మించి ఏమీ లేదు.

అప్పుడు నేను ఆమె ఎడమ చెయ్యి చూశాను. మంచం పట్టీ మీద వేళ్ళు మెల్లగా తాళం వేస్తున్నాయి. రాజ్యాన్ని అడిగితే, ఎప్పుడూ అలాగే కదుపుతుంది, నరాల వణుకని అనుకుంటున్నామంది.

నా వృత్తి ఏమిటో చెప్పాను కదా. ఊరుకోలేకపోయాను. నాన్న స్టూలు గోడ వైపు తిప్పి, ఆమె కనపడకుండా కూర్చోబెట్టాను. పాట తెగినప్పుడు చెయ్యి ఎత్తమని, మొదలైనప్పుడు దించమని సైగ చేశాను. రాజ్యం, నేను గౌరమ్మ వేళ్ళ వైపు చూస్తూ నిలబడ్డాం. వేళ్ళు ఆగాయి. నాన్న చెయ్యి లేచింది. వేళ్ళు కదిలాయి. నాన్న చెయ్యి దిగింది. ఒకసారి కాకతాళీయంగా కుదరొచ్చు. చాలాసేపు చూశాం. ఒక్కసారీ తప్పలేదు.

రాజ్యం వాళ్ళమ్మ పెదాల దగ్గర చెవి పెట్టి చాలాసేపు వంగి ఉండిపోయింది. లేచి, ఊపిరి తప్ప ఏమీ లేదంది.

పాట చివర ఏముందో రాజ్యాన్ని అడిగాను. అయ్య సంచిలోంచి ఏమి తీశాడు? రాజ్యానికి కళ్ళలో నీళ్ళొచ్చాయి. దానికి ఒక చివరంటూ లేదట. గౌరమ్మ ఆ రోజు ఇంట్లో ఏముంటే అది పెట్టి పాడేదట. ఒకరోజు జామకాయ, ఒకరోజు జిలేబీ, ఒకరోజు జడ క్లిప్పు. పేరు చెప్పాక రాగం తీస్తూ పిల్లని నిద్రపుచ్చేదట. ఏ రోజు రాగం ఆ రోజుదే. ఫోను నిండా పింకీ ఫొటోలున్నాయి కానీ అమ్మ పాట ఒక్కటీ రికార్డు చెయ్యలేదని రాజ్యం చెప్పింది.

నాన్నకి ఇదంతా పలక మీద రాసి చూపించాను. రెండుసార్లు చదివి పలక నా చేతికిచ్చాడు. ఆ రోజు నుంచి తల కొట్టుకోవడం మానేశాడు.

తరవాత ప్రతి ఆదివారం వెళ్ళేవాళ్ళం. నాన్న గౌరమ్మ పక్కన కూర్చునేవాడు. రాజ్యం ఆయన్ని బాబాయ్ అని పిలవడం మొదలుపెట్టింది, వినపడదని తెలిసినా. పలక తీసుకుని తనే రాసేది. అమ్మకి ఎక్కడైనా నొప్పిగా ఉందేమో కనుక్కోమని రాసేది. ఆకలేస్తోందా, నా మీద కోపంగా ఉందా అని రాసేది. నాన్న చదివి, గౌరమ్మ వైపు చూసి, మళ్ళీ రాజ్యం వైపు చూసేవాడు. పాట తప్ప ఇంకేమీ రాదని చెప్పేవాడు. తను అడిగేది గౌరమ్మకి చేరుతోందో లేదో కూడా తెలియదనేవాడు. గొంతు ఇవాళ బొంగురుగా ఉంది, ఇవాళ నిదానంగా పాడుతోంది, ఇంతవరకే చెప్పగలిగేవాడు.

ఒక ఆదివారం రాజ్యం టీ ఇస్తూ నాతో అంది.

"మాయమ్మ గొంతు బాబాయ్ చెవిలో పడతంది. కడుపున పుట్టినదాన్ని, పక్కలో పడుకుంటన్నాను, నాకు పడదు. నానేటి చేసినానక్కా?"

టీ గ్లాసు పక్కన పెట్టి ఆమె చెయ్యి పట్టుకున్నాను.

సాక్చి డాక్టరు దగ్గరికి మళ్ళీ వెళ్ళి మొత్తం చెప్పాను. శ్రద్ధగా విన్నాడు. చెవులు పోకముందు ఎక్కడో విని ఉంటాడన్నాడు. పింకీ వయసు చెప్పాను. మనిషి జ్ఞాపకం జరిగినవాటిని ముందుకీ వెనక్కీ జరిపేస్తుంది, ఆ ఇంటికి వెళ్ళాక తెలిసిన మాటల్ని ముందే విన్నట్టు మీరిద్దరూ అనుకుంటున్నారేమో అన్నాడు. అది న్యాయమైన అనుమానమే. అత్తకి పెట్టిన మెసేజ్ తీసి వినిపించాను. తెలుగు రాదు కాబట్టి తేదీ చూశాడు, పింకమ్మా అన్న పేరు విన్నాడు. పాటకి దిక్కు ఉండటం, దగ్గరికెళ్తే పెరగడం ఈ జబ్బులో ఉండవు అని మాత్రం చెప్పి, ఫోను నా చేతికిచ్చాడు. ఫీజు తీసుకోలేదు.

చలికాలం సెలవుల్లో ఒక మధ్యాహ్నం నాన్న వసారాలో ఎండకి కూర్చుని ఉన్నాడు. నేను మేడ మీద ఉంటే పిలిచాడు. దిగి వచ్చేసరికి చెప్పులేసుకుని నిలబడి ఉన్నాడు.

"పాట ఆయాసపడతంది అమ్మీ. పద" అన్నాడు.

దారిలో రాజ్యానికి ఫోను చేశాను. అమ్మ బాగానే ఉంది, ఇప్పుడే జావ తాగిందని చెప్పింది. అయినా వెళ్ళాం. మేము వెళ్ళేసరికి ఊపిరి మారిపోయింది. పక్క వీధి డాక్టరుని పిలిచారు. ఆయన నాడి చూసి, ఈ స్థితిలో కదిలించి లాభం లేదు, దగ్గరుండండి అన్నాడు. రమణని ఫ్యాక్టరీ నుంచి పిలిపించారు. పింకీని పక్కింట్లో కూర్చోబెట్టారు.

చేతులు కట్టుకుని నిలబడ్డాం అందరం. గౌరమ్మ నోరు మూసుకునే ఉంది. వేళ్ళు కూడా కదలడం లేదు. రాజ్యం మంచం పక్కన నేల మీద కూర్చుని పలక తీసుకుంది. దాని మీద రాసింది. అమ్మ పాడుతోందా?

నాన్న చదివి తల ఊపాడు. రాజ్యం తరవాత ఏమి అడుగుతుందో తెలిసినట్టు మాట మాటా చెప్పడం మొదలుపెట్టాడు. ఎప్పుడూ అరిచినట్టు మాట్లాడే మనిషి ఆ రోజు గొంతు ఎలా తగ్గించాడో నాకు తెలియదు. ఎండ దిగింది పింకమ్మా. అయ్య సైకిలెక్కినాడు. రాజ్యం వాళ్ళమ్మ ముఖం చూస్తూ ఆయన నోటి వెంట వాళ్ళమ్మ పాట వింది. అయ్య వచ్చి సంచిలోంచి ఏటి తీసినాడే.

అక్కడ నాన్న ఆగాడు. ఎప్పుడూ అక్కడే ఆగుతుంది కాబట్టి మళ్ళీ మొదలుపెడతాడని చూశాం. ఆయన మొదలుపెట్టలేదు. చెయ్యి పైకెత్తి, అరచెయ్యి మా వైపు చూపించాడు, చప్పుడు చెయ్యొద్దన్నట్టు. గదిలో ఎవరూ మాట్లాడటం లేదు. చెవులు లేని మనిషి, చప్పుడు లేని గదిని నిశ్శబ్దంగా ఉండమన్నాడు.

ఆయన ముఖం మారుతూ వచ్చింది. దాన్ని ఎలా రాయాలో నాకు చేతకావడం లేదు. ఆశ్చర్యం అందామా, ఆశ్చర్యం కాదు. ఆకలితో ఉన్నవాడికి మెతుకు నోట్లో పడినప్పుడు ఉంటుందే, అలాంటిది. కళ్ళు మూసుకున్నాడు. తల చాలా చిన్నగా ఊగింది.

తరవాత చెయ్యి దించి, "అయిపోయింది" అన్నాడు.

డాక్టరు వంగి చూశాడు. గౌరమ్మ పోయింది.

ఏడుపులు మొదలయ్యాయి. రాజ్యం ఏడుస్తూనే పలక మీద రాసి నాన్న ముందు పెట్టింది. చివర ఏముంది? అయ్య ఏమి తెచ్చాడు?

అయ్య ఏమీ తేలేదని నాన్న చెప్పాడు. గౌరమ్మ ఏ వస్తువు పేరూ చెప్పలేదట. ఉత్త రాగమేనట, మాటల్లేవు. అలాంటిది తను ఎన్నడూ వినలేదన్నాడు.

పాడి చూపించమని రాజ్యం చేతులతో అడిగింది.

నాన్న నోరు తెరిచాడు. గొంతులోంచి బరబరమని ఒక శబ్దం వచ్చింది, బరువైన బల్లని నేల మీద ఈడ్చినట్టు. పైకీ కిందికీ లేదు. ఆయనకి అది వినపడదు. తను విన్నదే తన నోట్లోంచి వస్తోందనుకున్నాడు. మా ముఖాలు చూశాక ఆపేశాడు. ఇంకోసారి ప్రయత్నించాడు. మళ్ళీ మా ముఖాలు చూశాడు.

పెద్ద కార్యం అయ్యాక రాజ్యం మా ఇంటికి వచ్చింది. ఫోను రికార్డు పెట్టి, మళ్ళీ పాడమంది. నాన్న పాడాడు. రాజ్యం కళ్ళు మూసుకుని, ఫోను చెవి దగ్గర పెట్టుకుని ఆ రికార్డు ఎన్నిసార్లు విన్నదో. అందులో రాగం కోసం వెతికింది. చివరికి ఫోను కట్టేసి నాన్న చెయ్యి పట్టుకుని, ఇక చాలన్నట్టు తల ఊపింది.

"ఉంది తల్లీ. ఇక్కడ అలగే ఉంది. నోటికి రాదు" అన్నాడు నాన్న, తల మీద చెయ్యి పెట్టుకుని.

సాక్చి డాక్టరుని అడిగాను. గుర్తుండటం వేరు, గొంతులోకి తేవడం వేరట. గొంతుని సరైన చోటికి నడిపించేది చెవి, అది లేనివాడికి, అందులోనూ ఎన్నడూ పాడనివాడికి, లోపల ఎంత స్పష్టంగా ఉన్నా బయటికి రాదన్నాడు.

సాక్చిలో పిల్లలకి హార్మోనియం నేర్పే ఒక మాస్టారు దగ్గరికి కూడా రాజ్యం, నేను ఆయన్ని తీసుకెళ్ళాం. ఆయన ఒక్కో మెట్టూ నొక్కాడు. నాన్నని హార్మోనియం మీద చెయ్యి ఆనించి, అదురు తెలుస్తుందేమో చూడమన్నాం. తను విన్నదానికి దగ్గరగా ఉన్నది చూపిస్తే ఒక్కొక్కటిగా పేర్చుకోవచ్చని మా ఆశ. నాన్న చాలా శ్రద్ధగా చెయ్యి ఆనించి కూర్చున్నాడు. పిల్లలు పక్కకి తప్పుకుని చూస్తున్నారు. కాసేపటికి చెయ్యి తీసేసి, అన్నీ ఒక్కలాగే ఉన్నాయన్నాడు.

గౌరమ్మ పోయిన క్షణం నుంచి నాన్నకి ఏ పాటా వినపడలేదు. బతికి బయటపడ్డాం అనుకున్నాను నేను. ఆయన మాత్రం అలా అనుకోలేదు. ఒకరోజు, ఖాళీగా ఉందమ్మీ అని మాత్రం అన్నాడు.

వాళ్ళిద్దరికీ చుట్టరికం లేదు. ఊళ్ళు వేరు. గౌరమ్మ పడిపోయాకే తప్ప ముందు ఎప్పుడూ కలవలేదు. ఈ ఊళ్ళో లక్షల చెవులుండగా, పనికిరాని ఆ రెండు చెవుల్లోకే ఆ పాట ఎందుకు వచ్చిందో నేను చెప్పలేను. వేళ్ళకీ చేతికీ కుదిరిన సంగతి నేను కళ్ళారా చూశాను. అది ఎలా జరిగిందో ఎవరైనా చెబితే వినడానికి సిద్ధంగా ఉన్నాను. ఇంతవరకు ఎవరూ చెప్పలేదు.

ఈమధ్య సాయంత్రాలు నాన్న కళ్ళు మూసుకుని కూర్చుని తల మెల్లగా ఊపుతున్నాడు. మొదటిసారి చూసినప్పుడు చేతిలో పని వదిలేసి వచ్చాను. పలక తీసుకుని, మళ్ళీ వినపడుతోందా నాన్నా అని రాశాను.

చదివి, లేదన్నాడు.

"మరిసిపోతానేమోనని, రోజూ ఓసారి తలుసుకుంటన్నాను. రాజ్యానికి ఇవ్వాల కదా."

ఎలా ఇస్తావు నాన్నా అని రాయడానికి నాకు చెయ్యి రాలేదు.